కట్టెల వంటపొయ్యి (గృహతాపనము)

శీతలదేశములయందు వంటకును, ఇల్లు వెచ్చజేయుటకును ఏకకాలమున నుపకరించు ఇనుపపొయ్యి. అమెరికాలో ఫిలో స్టూవర్ట్ 1834లో పేటెంటు పొందిన ఓబర్లిన్ పొయ్యి ఈ జాతిలో ప్రసిద్ధమైనది. మంటగూటినుండి వెడలు వేడిపొగ, పొగదారిలోని పలక తెరచియున్నప్పుడు నేరుగా గొట్టమున కెగయును. దానిని మూసినచో, రొట్టెలు కాల్చెడి అరను చుట్టివచ్చి, తన యుష్ణమును ఇనుపగోడల కర్పించిన పిమ్మటనే బయల్వెడలును. మంట నిలుకడ చెందువఱకు పలకను తెరచి, పిదప మూయుట గృహిణులు అభ్యాసమున నెఱిఁగిన కౌశలము.

మంటగూడు చిన్నదగుటచే కట్టెలను సన్నముగా చీల్చి మాటిమాటికి వేయవలెను; ఇనుము త్వరగా వేడెక్కి త్వరగానే చల్లారును గనుక, రాత్రియంతయు వెచ్చదనము నిలుపుట దీనికి దుస్సాధ్యము. ఈ విషయమున ఇటుకలతో కట్టిన రష్యా పొయ్యి నిస్సందేహముగా శ్రేష్ఠము: ఒకసారి బాగుగా మండించినచో గంటలకొలది వేడిని విడుచుచుండును; పల్లెయిండ్లలో దానిపై వృద్ధులును, బాలురును శయనించెడివారు.

కట్టెలలో తేమ నూటికి 20 పాళ్లకు మించరాదు. పచ్చికట్టెల యుష్ణము నీటిని ఆవిరిచేయుటకే వ్యయమగుటయే గాక, వాని పొగలోని తారు గొట్టమున పేరుకొని, ఒకనాఁడు భగ్గున మండి ఇంటినే దహింపవచ్చును. గాలి చొరని గదిలో, పొగయందలి వాసనలేని కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకము. కావున ఏటేట చలికాలమునకు ముందే పొగగొట్టమును శుభ్రము చేయింపవలెను.