ప్రతికి ప్రతి



తాటియాకునకు చెదలును తడియును శత్రువులు. అందుచే మన పూర్వులు పాత తాళపత్రమును చూచి క్రొత్త ఆకులపై మరల వ్రాయించుచుండిరి. ఒక తరమువా రీ పనిని మఱచినచో ఆ గ్రంథము నశించెడిది.

తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503) ముప్పదిరెండువేల సంకీర్తనములు రచించెనని ప్రసిద్ధి. ఆయన వంశీయులు పదునాఱవ శతాబ్దమున వానిని రాగిఱేకులపై చెక్కించి తిరుమల ఆలయమున భద్రపఱచిరి. నేడు మనకు దక్కిన పాటలు ఆ ఱేకుల చలువయే. పిమ్మట బ్రౌను దొర (1798–1884) కడపలో పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఒకదాన చెడిన పద్యము వేఱొకదాన దొరకెడిది.

ఈ ధర్మమే కంప్యూటరునకును వర్తించును. 1956లో ఐ.బి.ఎం. సంస్థ తెచ్చిన మొదటి హార్డు డిస్కు యంత్రమున ఏబది పళ్ళెములుండెను. దాని బరువు టన్నుకు మించినది. ఇమిడినవి ఏబది లక్షల ఇంగ్లీషు అక్షరములు. ఒక టెరాబైటు డిస్కున నేడు లక్ష కోట్ల అక్షరములు పట్టును. అది అఱచేత నిముడును.

అట్టిదానిని కొనువారికి నేను చెప్పునది యిది. కంప్యూటరులో నున్న సరకునకు రెండింతలు పట్టునది కొనుడు. తిరుగు పళ్ళెము గల డిస్కు చవుక. కాని క్రిందపడినచో చెడును. పళ్ళెము లేని ఎస్.ఎస్.డి. దెబ్బకు ఓర్చును, వెల హెచ్చు, విద్యుత్తు తగులక యేండ్లతరబడి మూలనున్నచో అందలి వ్రాత చెరగవచ్చును. ఏది కొన్నను, ప్రతి తీసిన వెంటనే తీగ నూడదీయుడు. లేనిచో కంప్యూటరునకు సోకిన వైరసు ప్రతికిని సోకును. ఏటేట తెఱచి, చదువవచ్చుచున్నదో లేదో చూడుడు.

మన పాల్వంచకు పొరుగున భద్రాచలమువద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులును, 2022 జూలైలో 71.3 అడుగులును పొంగెను. ఏటియొడ్డు గ్రామములందు కంప్యూటరును దాని ప్రతియు ఒకే గదిలో నున్నచో రెండును ఒకే నీట మునుగును. కావున రెండు ప్రతులు తీసి, ఒకదానిని మెట్టయూరి బంధువులయింట నుంచుడు. భూమి పత్రములు, పెండ్లి చిత్రములు, గతించినవారి కంఠస్వరములు మరల కొనదొరకునవి కావు; డిస్కు మాత్రము అంగడిలో దొరకును.