గోడల నడుమ రేడియో వాణి

ఒకే దశాబ్దమున జన్మించిన రెండు నూతన విషయములు కాలక్రమమున ఒకదానికొకటి అడ్డు నిలుచుట చరిత్రలో వింతయే. 1885లో చికాగో నగరమున హోమ్ ఇన్సూరెన్స్ కార్యాలయ భవనము ఇనుము, ఉక్కు చట్రముపై లేచినది. 1888 నాటికి జర్మనీలో హైన్రిచ్ హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగముల ఉనికిని నిరూపించెను. మొదటిది మహాకార్యాలయములకు మార్గదర్శకమైనది. రెండవది రేడియోకు మూలమైనది.

ముందు రాబోవు చిక్కు హెర్ట్జ్ ప్రయోగములలోనే కనబడినది. మూసిన కొయ్యతలుపును దాటి తరంగములు లోపలి గదిలో నిప్పురవ్వలను పుట్టించెను. తుత్తునాగపు రేకు మాత్రము వానిని వెనుకకు మరలించెను. 1895లో కలకత్తా టౌన్ హాలునందు జగదీశ్ చంద్ర బోసు గోడల కావల గంట మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపెను. ఇటుకగోడ తరంగములకు పెద్ద అడ్డు కాదు; లోహమే అడ్డు. లోహపు ఆవరణములోనికి వెలుపలి విద్యుత్ప్రభావము చొరజాలదని మైకేల్ ఫారడే 1836లోనే చూపియుండెను.

1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైనది. నాటి వాల్వు రేడియోలకు ఇంటి పైన రెండు గడల నడుమ ఏరియల్ తీగ కట్టుట పరిపాటి. పెంకుటింటి మట్టిగోడలు ధ్వనిని ఆపలేదు. పైగా తీగ వెలుపలనే యుండెను. 1954లో అమెరికాలో ట్రాన్సిస్టర్ రేడియో విక్రయమునకు వచ్చినది. అట్టి రేడియోలలో ఏరియల్ ఫెరైట్ కడ్డీగా పెట్టెలోనే ఇమిడినది. రేడియో కార్యాలయపు బల్లపైకి చేరినది గాని, వెలుపలి తీగ మరుగున పడినది. చిక్కు అచ్చటనే పెరిగినది.

1000 కిలోహెర్ట్జుల మధ్యమ తరంగము పొడవు 300 మీటర్లు. ఉక్కు కడ్డీలు నిండిన కట్టడపు కిటికీల గుండ అంతటి తరంగము లోనికి వచ్చుట కష్టము. 100 మెగాహెర్ట్జుల ఎఫ్.ఎం. తరంగము పొడవు 3 మీటర్లే. కనుక అది కొంత సులువుగ చొచ్చును. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1934లో ఈ ఎఫ్.ఎం. పద్ధతిని న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనపు 85వ అంతస్తునుండి పరీక్షించెను. గరగరధ్వనిని తగ్గించుటయే ఆతని లక్ష్యము. కార్యాలయములలో ట్యూబులైట్లు, లిఫ్టు మోటార్లు, కంప్యూటర్లు పుట్టించు గరగర మధ్యమ తరంగములనే ఎక్కువగ బాధించును.

దీనికి చికిత్స స్వల్పమే. రేడియోను కిటికీ దరి నుంచవలెను. మధ్యమ తరంగములకైన పెట్టెను మెల్లగ త్రిప్పి, ధ్వని స్పష్టమైన చోట ఆపవలెను. లోపలి కడ్డీ కేంద్రపు దిక్కునకు అడ్డముగ నున్నపుడే ధ్వని హెచ్చుగ నుండును. కరెంటు తీగవెంట గరగర వచ్చిన బ్యాటరీతో వినవలెను. అప్పటికిని చాలకున్న వెలుపల తీగ కట్టి లోనికి తేవలెను.

ఇది వినోదమునకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన సకాలమున అందు హెచ్చరిక విలువ ఎట్టిదో తెలుగువారికి నేర్పినది. తుపాను రాత్రి కరెంటు పోయినపుడు ప్రజలు ఆశ్రయించునది దృఢమైన కాంక్రీటు కట్టడములనే. ప్రాణము కాచు ఆ గోడలే వార్తను ఆపరాదు. పూర్వులు ఇంటిపై కట్టిన ఆ చిన్న తీగను నేటి కార్యాలయములును మరువరాదు.