నాలుగో ప్రశ్నకు లేచి నడిచిన భిక్షువు

పొద్దు వాలుతోంది. కౌశాంబిలోని ఘోషితారామంలో పెద్ద భిక్షువులు ఏకాంత ధ్యానం ముగించి ఒక్కొక్కరే బయటికి వచ్చారు. అదే ఊళ్ళో బదరికారామంలో ఖేమకుడనే భిక్షువు జబ్బుతో తీసుకుంటున్నాడని అందరికీ తెలుసు. దాసకుడనే భిక్షువును పిలిచారు.

"దాసకా, ఖేమకుడి దగ్గరికి వెళ్ళిరా. ఒంట్లో ఎలా ఉందో, నొప్పులు కాస్త నెమ్మదించాయో లేదో పెద్దలు కనుక్కోమన్నారని చెప్పు."

దాసకుడు వెళ్ళాడు. ఖేమకుడు ఏమీ దాచలేదు. "ఓర్చుకోలేకపోతున్నాను. నొప్పులు రోజురోజుకీ ముదురుతున్నాయే గానీ తగ్గే జాడ లేదు" అన్నాడు.

ఆ కబురు విన్న పెద్దలు మందో మాకో పంపుతారనుకుంటాం. వాళ్ళు పంపింది ఇంకో ప్రశ్న. "రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అని భగవానుడు ఐదు స్కంధాలు చెప్పాడు కదా. వాటిలో దేన్నయినా ఆత్మ అనో, ఆత్మకు చెందినదనో ఖేమకుడు చూస్తున్నాడేమో అడుగు."

నొప్పులతో మెలికలు తిరుగుతున్న మనిషిని ఇలా అడగడం కటువుగా తోచవచ్చు. కానీ వాళ్ళు ఈ ప్రశ్న కోసమే ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ళు. ఒకరినొకరు అడగదగిన అతి దగ్గరి మాట వాళ్ళకు అదే.

సంయుక్త నికాయంలోని ఖంధ సంయుత్తంలో ఒక సుత్తంగా ఈ ఘటన ఉంది. జరిగిన చోటు నేటి ఉత్తరప్రదేశ్‌లో, యమున ఒడ్డున, కోసం అనే పల్లె. నాటి కౌశాంబి, వత్సరాజు ఉదయనుడి రాజధాని అదే. అలహాబాదు విశ్వవిద్యాలయం తరఫున జి.ఆర్. శర్మ 1949లో మొదలుపెట్టిన తవ్వకాల్లో విహారం పునాదులూ, ఘోషితారామం పేరు చెక్కిన శాసనమూ బయటపడ్డాయి. సుత్తంలో ఉన్నవి చాలావరకు ప్రశ్నలూ జవాబులే. దాసకుడు నడిచిన దారిని మనమే ఊహించుకోవాలి.

దాసకుడు జవాబు తెచ్చాడు. ఆ ఐదింటిలో దేన్నీ ఖేమకుడు ఆత్మగా చూడటం లేదు, ఆత్మకు చెందినదిగానూ చూడటం లేదు.

పెద్దలకు ఇక సందేహం లేకపోయింది. అలా చూడనివాడు అర్హతుడే కదా, మనసును మలినపరిచే ఆస్రవాలన్నీ తీరిపోయినవాడే కదా! ఆ మాటే దాసకుడి చేత మళ్ళీ పంపారు.

పొందని స్థితిని పొందానని తెలిసి తెలిసీ చెప్పుకున్న భిక్షువుకు సంఘంలో చోటు లేదు. వినయ పిటకంలోని నాలుగు పారాజికాల్లో అది నాలుగోది. కానీ ఇక్కడ ఖేమకుడు తనంతట తాను ఏదీ చెప్పుకోనక్కర్లేదు. పెద్దలే బిరుదిచ్చినట్టు అర్హతుడంటున్నారు. ఊరుకుంటే చాలు. ఆ స్థితిలో ఉన్న మనిషికి అంతకన్నా ఓదార్పు ఏముంటుంది? ఖేమకుడు ఊరుకోలేదు. శిక్షకు భయపడ్డాడని నేననుకోను. లోపలికి చూసుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"నేను అర్హతుణ్ణి కాను. ఈ ఐదింటిలో దేన్నీ పట్టుకుని 'ఇది నేను' అనుకోను. అయినా 'నేనున్నాను' అన్నది నన్నింకా వదల్లేదు."

అయితే ఆ 'నేనున్నాను' దేని గురించి? రూపం గురించా, రూపానికి అవతల ఉన్నదాని గురించా? విజ్ఞానం గురించా, దానికీ అవతల ఉన్నదాని గురించా? నాలుగోసారి దాసకుడు ఈ ప్రశ్న మోసుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఖేమకుడు అతని వంక చూశాడు.

"నువ్విక తిరగొద్దు దాసకా. ఆ చేతికర్ర అందుకో. నేనే వెళ్ళి చెప్తాను."

లేచాడు. ఆ నడకలోనే పెద్దల ప్రశ్న ఉంది. అడుగడుక్కీ పొడుస్తున్న నొప్పి వేదన. అది తాను కాదని ఆయనకు తెలుసు. కర్రను పట్టుకున్న చెయ్యి రూపం, అదీ కాదు. అయినా నడుస్తున్నానన్న ఎరుక వెంట వస్తూనే ఉంది.

ఆయనకూ నిర్వాణానికీ మధ్య మిగిలింది అంతే. పుట్టుకకు కట్టిపడేసే సంయోజనాల్లో, ఆత్మదృష్టితో సహా కింది ఐదూ తెగిపోయినవాడు అనాగామి, ఈ లోకానికి తిరిగి రాడు. అయినా పుట్టుక పూర్తిగా తీరలేదు. శుద్ధావాసాలనే పైలోకాల్లో ఇంకో జన్మ ఉంటుందని థేరవాదం చెబుతుంది. మరి ఆత్మే లేనప్పుడు మళ్ళీ పుట్టేదెవరు? జాలరి ఇంట పుట్టిన సాతి అనే భిక్షువు, ఈ విజ్ఞానమే మారకుండా జన్మ నుంచి జన్మకు వెళుతుందని వాదించాడు. బుద్ధుడు శ్రావస్తిలో అతన్ని పిలిపించి గట్టిగా మందలించాడు. కారణాలు కూడితేనే విజ్ఞానం పుడుతుంది, లేకపోతే పుట్టదు. దాటి వెళ్ళే బాటసారి ఎవరూ లేరు. తృష్ణ ఉన్నన్నాళ్ళూ ఆ కారణాల వరస తెగదు. నిర్వాణమంటే తాము లేకుండా పోవడమని బెదిరేవాళ్ళను చూస్తుంటాను. లేకుండా పోవడానికి ఆత్మ అంటూ మొదట ఉండాలి కదా. ఆరిపోయేది ఈ పట్టుకోవడమే.

ఖేమకుడు ఘోషితారామం చేరి, పలకరింపులయ్యాక ఒక పక్కన కూర్చున్నాడు. తామరపువ్వు వాసన రేకులదా, రంగుదా, కేసరాలదా అంటే ఏం చెబుతాం? పువ్వుదని చెబుతాం. అలాగే 'నేనున్నాను' అన్నది ఫలానా స్కంధానిదని చూపించలేను, వాటికి బయట ఉన్నదనీ చెప్పలేను అన్నాడు. తర్వాత మాసిన గుడ్డ సంగతి ఎత్తాడు. చాకలి దానికి చౌడో, క్షారమో, పేడో పట్టించి, బాగా రుద్ది, మంచినీళ్ళలో జాడిస్తాడు. గుడ్డ తెల్లబడుతుంది. కానీ ఆ చౌడు వాసన, ఆ పేడ వాసన గుడ్డలోనే ఉండిపోతాయి. ఇంటివాళ్ళు దాన్ని పరిమళాల పెట్టెలో పెట్టి ఉంచితే గానీ అవి పోవు. ఐదు స్కంధాలూ పుట్టడాన్నీ పోవడాన్నీ చూస్తూ చూస్తూ ఉంటే, మిగిలిన 'నేనున్నాను' కూడా అలాగే వదులుతుంది.

నేను ఈ సుత్తాన్ని మళ్ళీ మళ్ళీ చదివేది ఇక్కడి కోసమే. గుడ్డలో మిగిలింది మురికి వాసన కాదు, మురికిని వదిలించినదాని వాసన. 'ఆత్మ లేదని తెలుసుకున్నది నేనే' అన్న చోట కూడా 'నేను' నిక్షేపంగా బతుకుతుంది. వాదంలో గెలిచినవాడికి అది కనబడదు. మంచాన పడి, పొగడ్తను వద్దన్న ఈ మనిషికి కనబడింది.

ఆయుష్మాన్, మిమ్మల్ని కష్టపెట్టాలని అడగలేదు, మీరైతే విడమరిచి చెప్పగలరనే అడిగాం అన్నారు పెద్దలు. విన్న అరవై మంది స్థవిరుల మనసులు ఆస్రవాల నుంచి విడివడ్డాయని సుత్తం చెబుతుంది. వాళ్ళ వరసలోనే ఖేమకుడి పేరూ ఉంది. ఇతరులకు చెబుతూ చెబుతూనే ఆయనా విముక్తుడయ్యాడు.