మాండొలిన్‌కు దొరికిన చెవులు

1978వ సంవత్సరములో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున ఒక పసివాడు మాండొలిన్ పట్టి వేదిక నెక్కినాడు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ తొలి కచేరీ అది.

చల్లపల్లి, మచిలీపట్నం ప్రాంతముల రసికులకు వీణ, వయొలిన్ పరిచితములు. మాండొలిన్ మాత్రము సినిమా పాటల వాద్యమని పేరు. దానిపై సందేహము అకారణము కాదు. మీటిన తీగ మోగిన వెంటనే అణగిపోవును. స్వరము నిలువనిదే గమకము లేదు. గమకము లేనిదే తోడి లేదు, భైరవి లేదు.

శ్రీనివాస్‌గారు ఈ ఆక్షేపణకు వాద్యముతోనే సమాధానమిచ్చినారు. నాలుగు జంట తీగలకు మారుగా ఐదు ఒంటి తీగలు కట్టి, విద్యుత్ సహాయమున నాదమును నిలిపినారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాదనము రాదు. ఆయన పాడగా శిష్యుడు విని వాయించినాడు. కనుకనే ఆ తీగలలో గాత్రము పలికినది.

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవ శ్రోతలు ఆ వాదనమును ఎంతో ఆదరించినారు. తరువాత జాజ్ గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందములో వాయించినారు. ఇది మన సంగీతమేనా అని సంప్రదాయప్రియులు అడుగుట సహజము. కాని మెక్‌లాఫ్లిన్ వీణ నభ్యసించిన వాడు. అప్పటికప్పుడు స్వరములల్లుట జాజ్‌కును మన మనోధర్మమునకును సమానమే. రాగము చెడినదా, నిలిచినదా అన్నది వినిన పిమ్మట తేల్చవలసిన మాట.

2014లో, 45 యేండ్ల వయసున, ఆయన కన్నుమూసినారు. ఒకనాడు శంకించిన వాద్యమునే శ్రోతలు ఆయనకు ఇంటిపేరు చేసినారు: మాండొలిన్ శ్రీనివాస్.