టీచర్లకు దారి చూపే టీచర్లు: సింగపూర్‌లో ప్రత్యేక విద్యా శిక్షణ చరిత్ర

తెలివితేటలకు లోటు లేకపోయినా చదవడం, రాయడం, లెక్కలు చేయడం పట్టుబడని పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. వారి ఇబ్బంది ఎక్కడుందో కనిపెట్టి తోటి ఉపాధ్యాయులకు దారి చూపగల టీచర్లను తయారుచేసే చదువు సింగపూర్‌లో ఒక్కసారిగా పుట్టలేదు. స్వచ్ఛంద సంఘాల బడుల్లో మొదలై, సర్టిఫికెట్, డిప్లొమా మెట్లెక్కి, చివరికి విశ్వవిద్యాలయంలో పీజీ చదువుగా నిలబడింది.

టీచర్స్ ట్రైనింగ్ కాలేజీ 1950లో ఏర్పడింది. యుద్ధం తర్వాత బడి ఈడు పిల్లలు ఏటికేడు పెరిగిపోతున్న కాలమది. రెండు పూటలా నడిచే బడులకు చాలినంతమంది టీచర్లను సమకూర్చడమే ఆ కళాశాలకు పెద్ద పని. వైకల్యమున్న పిల్లల భారం సంఘాల మీద పడింది. బధిరుల సంఘం 1955లో, అంధుల పాఠశాల 1956లో, సెరిబ్రల్ పాల్సీ పిల్లల సంఘం 1957లో వచ్చాయి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం పిల్లల వైద్యురాలు ఫ్రీడా పాల్ చొరవతో 1962లో మొదలైన సంఘమే నేటి మైండ్స్. ఈ బడుల్లో చేరిన టీచర్లు ముందున్నవారిని చూసి, పిల్లల పక్కన కూర్చుని పని నేర్చుకున్నారు.

ఈ ఏర్పాటులో ఒకరు మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు. కన్ను, చెవి, బుద్ధి అన్నీ బాగున్నా అక్షరం మాత్రం కుదరని పిల్లవాడు. అతను మామూలు బడిలోనే ఉన్నాడు, వెనక బెంచీలో. ఇంగ్లండ్ వైద్యుడు ప్రింగిల్ మోర్గాన్ 1896లోనే ఇలాంటి కుర్రవాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. 1963లో చికాగోలో జరిగిన తల్లిదండ్రుల సభలో మనస్తత్వవేత్త శామ్యూల్ కర్క్ ఇలాంటి పిల్లలందరినీ అభ్యాస వైకల్యం అనే ఒక పేరు కిందికి తెచ్చాక అమెరికాలో చట్టాలకూ టీచర్ల శిక్షణకూ ఊతం దొరికింది. సింగపూర్ బడి మాత్రం చాలాకాలం ఆ పిల్లవాడిని మందకొడి విద్యార్థిగానే చూసింది.

ఉప ప్రధాని గో కెంగ్ స్వీ బృందం 1979లో ఇచ్చిన నివేదిక పిల్లలను వారి వేగాన్ని బట్టి వేరే తరగతులుగా విడదీసింది. మధ్యలో చదువు మానేసేవారిని తగ్గించడం దాని ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ నెమ్మదిగా చదివే తరగతిలోకి పంపేముందు పిల్లవాడు ఎందుకు చదవలేకపోతున్నాడని అడిగేందుకు బడిలో శిక్షణ పొందిన మనిషే లేడు. ఇంట్లో చైనీస్ మాండలికమో మలయో తమిళమో మాట్లాడి, బడిలో ఇంగ్లిష్ మొదలుపెట్టిన పిల్లవాడికి భాష కొత్తా, లేక అక్షరమే పట్టుబడటం లేదా? పరీక్ష మార్కు ఈ రెండింటినీ ఒకేలా చూపిస్తుంది. ఆ తేడా పసిగట్టడం నేర్పే చదువు కోసం అప్పటికింకా ఎదురుచూడాల్సి వచ్చింది.

ట్రైనింగ్ కాలేజీ 1973లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ అయింది. 1984లో అక్కడ ప్రత్యేక పాఠశాలల టీచర్ల కోసం సర్టిఫికెట్ కోర్సు మొదలైంది. ఉద్యోగం చేస్తూనే చదివే కోర్సు అది. పగలు తరగతి గదిలో ఎదురైన చిక్కు పాఠంలో చర్చకు రావడం దాని బలం. తర్వాత దాని స్థానంలో డిప్లొమా వచ్చింది. 1988లో వికలాంగుల సలహా మండలి నివేదిక వెలువడ్డాక ప్రభుత్వ నిధులు, బాధ్యత రెండూ పెరిగాయి. 1991లో ఇన్‌స్టిట్యూట్ నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీలో భాగమై, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌గా పేరు మార్చుకుంది. అందరూ ఎన్‌.ఐ.ఇ. అనే ఈ సంస్థే నేటికీ దేశంలో టీచర్ల శిక్షణకు పుట్టిల్లు.

అదే 1991లో రోటరీ క్లబ్ చొరవతో డిస్లెక్సియా అసోసియేషన్ ఆఫ్ సింగపూర్ (డీఏఎస్) ఏర్పడింది. ఈ చరిత్రలో అసలు మలుపు ఇదేనని చెప్పవచ్చు. డిస్లెక్సియా, అంటే అక్షరం కుదరని ఇబ్బంది, ఉన్న ఆ వెనక బెంచీ పిల్లవాడి కోసమే పుట్టిన మొదటి సంఘం ఇది. అమెరికాలో ఆర్టన్, గిలింగ్‌హామ్ రూపొందించిన పద్ధతిని సంఘం చేపట్టింది. ఆ పాఠంలో పిల్లవాడు అక్షరాన్ని కంటితో చూస్తాడు, దాని ధ్వనిని పైకి పలుకుతాడు, వేలితో గరుకు పలక మీదో ఇసుకలోనో దిద్దుతాడు. ఒక ధ్వని గట్టిపడ్డాకే రెండోది. నిన్నటి కార్డులు ఇవాళ మళ్లీ తిరగేయాల్సిందే. మన పలక బలపం చదువు ఎరిగినవారికి ఇందులో కొంత పరిచితంగానే అనిపిస్తుంది. అయితే ఏ ధ్వని తర్వాత ఏది, ఏ తప్పు దేనికి గుర్తు అన్నది ఇక్కడ ముందే లెక్కకట్టి ఉంటుంది. ఈ లెక్క తెలిసిన టీచర్లు దొరకనందువల్ల సంఘం తన శిక్షణను తానే నడుపుకోవాల్సి వచ్చింది. డీఏఎస్ అకాడమీ అలా ఎదిగి, డిప్లొమాలతో ఆగకుండా లండన్ మెట్రోపాలిటన్ యూనివర్సిటీతో కలిసి ప్రత్యేక విద్యావసరాల్లో ఎం.ఏ. దాకా అందించింది.

ప్రభుత్వ బడుల్లో 1992లో లెర్నింగ్ సపోర్ట్ ప్రోగ్రామ్ వచ్చింది. ప్రైమరీ 1లో చేరగానే పిల్లలను పరీక్షించి, ఇంగ్లిష్ చదవడంలో వెనకబడ్డవారిని ఎనిమిది, పదిమంది చొప్పున జట్లు కట్టి రోజూ అరగంట విడిగా పాఠం చెబుతారు. చెప్పే టీచరే లెర్నింగ్ సపోర్ట్ కోఆర్డినేటర్. పిల్లలకు పాఠం చెప్పడంతో పాటు వారి ప్రగతి గురించి తరగతి టీచరుతో మాట్లాడే పని కూడా వారిదే. సలహాదారు పాత్ర సింగపూర్ బడిలోకి వచ్చింది ఈ దారినే.

2004లో ప్రధానిగా పగ్గాలు చేపట్టిన లీ సియన్ లూంగ్ వైకల్యమున్న వారిని కలుపుకుపోయే సమాజం గురించి మాట్లాడాక వేగం పెరిగింది. స్పెషల్ నీడ్స్ ఆఫీసర్ల కొత్త కొలువులు మామూలు బడుల్లోనే వచ్చాయి. వారికి ఎన్‌.ఐ.ఇ.లో ఏడాది డిప్లొమా చదువు ఏర్పడింది. మరోవైపు ప్రతి ప్రైమరీ బడిలో కనీసం పదో వంతు టీచర్లకు 108 గంటల సర్టిఫికెట్ శిక్షణ ఇవ్వాలని విద్యాశాఖ లక్ష్యం పెట్టుకుంది. ప్రైమరీ 3, 4 తరగతుల డిస్లెక్సియా పిల్లలకు బడిలోనే సాయమందించే కార్యక్రమం 2012లో మొదలై 2016కల్లా అన్ని ప్రైమరీ బడులకూ చేరింది.

పీజీ చదువు అవసరం ఇక్కడే తెలిసివచ్చింది. 108 గంటలు చదివిన టీచరుకు లక్షణాలు గుర్తుపట్టడం వస్తుంది. డిప్లొమా చదివినవారికి పాఠం చెప్పడం వస్తుంది. కానీ చెప్పిన పాఠం అంటనప్పుడు ఏం చేయాలి, బడి మొత్తానికి ఏ పద్ధతి పెట్టాలి, ఒక పద్ధతి పనిచేస్తోందనే మాటకు రుజువేమిటి అన్నవి ఇంకా లోతైన చదువు కోరతాయి. ప్రత్యేక విద్యలో ఎన్‌.ఐ.ఇ. నడిపే ఎం.ఎడ్. ఈ చోటును నింపింది. చేరేవారిలో ఎక్కువమంది అప్పటికే తరగతి గది ఎరిగినవారు. మూల్యాంకనం, పరిశోధన పద్ధతులు, వైకల్యాల స్వభావం, కుటుంబాలతో కలిసి పనిచేయడం వారు చదివే విషయాలు.

మూల్యాంకనం ఎంత సున్నితమైన పనో ఒక చిన్న పరీక్ష చెబుతుంది. పిల్లవాడి చేత అర్థంలేని, కల్పించిన మాటలు చదివిస్తారు. తెలిసిన మాటను బొమ్మలా గుర్తుపెట్టుకుని చదివేసే పిల్లవాడు ఇక్కడ ఆగిపోతాడు. అక్షరాల ధ్వనులు కూడగట్టి చదవగలిగినవాడు సాగిపోతాడు. ఇంగ్లిష్ కొత్తయినంత మాత్రాన ఈ పరీక్షలో తప్పాలని లేదు, ఎందుకంటే ఆ మాటలు అందరికీ కొత్తవే. అయితే అమెరికా, బ్రిటన్ పిల్లల మీద ప్రమాణాలు కట్టిన పరీక్షల అంకెలను మూడు నాలుగు భాషల మధ్య పెరిగే సింగపూర్ పిల్లవాడికి యథాతథంగా అంటగట్టకూడదు. పీజీ స్థాయి చదువు టీచరుకు ఇవ్వాల్సిన వివేకం ముఖ్యంగా ఇదే.

అమెరికాలోని న్యూజెర్సీలో ఈ చదువు ముగించిన టీచరుకు లెర్నింగ్ డిజెబిలిటీస్ టీచర్ కన్సల్టెంట్ అనే ప్రత్యేక లైసెన్సు ఉంది. మనస్తత్వవేత్త, సోషల్ వర్కర్ పక్కన బృందంలో వారిదొక స్థానం. సింగపూర్ ఆ పనిని ఒక్కరి చేతిలో పెట్టలేదు. నిర్ధారణ విద్యాశాఖ మనస్తత్వవేత్తలది, చిన్న తరగతుల చదువు కోఆర్డినేటర్లది, రోజువారీ తోడు స్పెషల్ నీడ్స్ ఆఫీసర్లది. ఈ ఆఫీసర్ల కొలువు పేరు తర్వాత అలైడ్ ఎడ్యుకేటర్‌గా, ఆపై ఎస్‌.ఇ.ఎన్. (ప్రత్యేక విద్యావసరాల) ఆఫీసర్‌గా మారింది. పీజీ చదివిన టీచరు వీరిమధ్య వంతెన కడతారు. భారతదేశంలోనైతే 1992 నాటి చట్టం కింద రీహాబిలిటేషన్ కౌన్సిల్ ప్రత్యేక విద్య కోర్సులను నియంత్రిస్తోంది. ప్రత్యేక టీచర్లను కూడా తయారుచేసే, బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్‌లో 1984లో వెలసిన జాతీయ సంస్థ మనవారికి పరిచితమే. అభ్యాస వైకల్యానికి వికలాంగుల హక్కుల చట్టంలో చోటు మాత్రం 2016లోనే దొరికింది.

భాష విషయంలో పని ఇంకా మిగిలే ఉంది. సింగపూర్‌లో చదవడంలో వెనకబడ్డవారికి అందే సాయం, అందుకు టీచర్లు పొందే శిక్షణ చాలావరకు ఇంగ్లిష్ చదువు చుట్టూ అల్లుకున్నవి. మాతృభాష పాఠాల్లో ఇబ్బందిపడే డిస్లెక్సియా పిల్లలకు మినహాయింపు కోరే వీలుంది. తెలుగు బడిలో మాతృభాషగా లేనందున తెలుగు కుటుంబాల పిల్లలు తమిళమో హిందీ వంటి మరో భారతీయ భాషో ఎంచుకుంటారు. అంటే ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్, మూడోదిగా ఇంకో లిపి. గుణింతాలు, ఒత్తులతో నడిచే మన లిపుల్లో ధ్వనికీ గుర్తుకూ పొత్తు గట్టిది గానీ, గుర్తుల సంఖ్య ఎక్కువ. అందువల్ల ఇంగ్లిష్‌లో తప్పులుగా బయటపడే ఇబ్బంది ఇక్కడ నత్తనడక చదువుగా కనిపించవచ్చు. ఆ తేడా తెలిసిన నిపుణులు తమిళం, మలయ్, చైనీస్ టీచర్ల మధ్య నుంచి కూడా తయారుకావాలి.