అద్దాలు నడిపిన వెలుగు

1880వ సంవత్సరం జూన్ 3వ తేదీన వాషింగ్టన్ నగరంలోని ఫ్రాంక్లిన్ పాఠశాల పై అంతస్తు నుండి మనిషి మాట వెలుగునెక్కి ప్రయాణించింది. అలెగ్జాండర్ గ్రాహం బెల్, ఆయన సహాయకుడు చార్లెస్ సమ్నర్ టెయింటర్ రూపొందించిన ఆ యంత్రం పేరు ఫోటోఫోన్. మాటకు కంపించే పలుచని అద్దంపై పడిన సూర్యకాంతి, ఆ కంపనాన్ని మోసుకొని 213 మీటర్ల దూరాన ఉన్న బెల్ ప్రయోగశాల కిటికీని చేరింది. టెలిఫోను కన్న ఇదే ఘనమైనదని బెల్ భావించాడు. అయితే మబ్బు కమ్మితే మాట ఆగిపోయేది. ఇంతటి ప్రయత్నానికి ఒక బడి మేడ వేదిక అయిందన్న సంగతి ఉపాధ్యాయులకు సంతోషం కలిగించక మానదు.

వెలుగుకు ఎండవానలు సోకని దారి దొరకడానికి మరి తొంభై ఏండ్లు పట్టింది. గాజును తగినంత శుద్ధి చేస్తే సన్నని తీగ గుండా కాంతిని దూరం పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో, జార్జి హాకమ్ ప్రతిపాదించగా, 1970లో కార్నింగ్ సంస్థ అట్టి తీగను తయారుచేసింది. తరువాత ఒకే తీగలో వేర్వేరు వర్ణాల కాంతులను కలిపి పంపే నేర్పు అలవడింది.

అసలు చిక్కు కూడలి వద్ద వచ్చింది. మడివాళ నుండి సిల్క్ బోర్డు కూడలి దాటి ఎలక్ట్రానిక్ సిటీకి ప్రతిదినం వెళ్లేవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. దారి ఎంత విశాలమైనా ప్రయాణాన్ని నిలబెట్టేది కూడలియే. తీగలు కలిసే చోట కాంతిని విద్యుత్తుగా మార్చి, దారి మళ్లించి, మరల కాంతిగా మార్చవలసి వచ్చేది. ఖర్చు అధికం. వేగం పెరిగిన ప్రతిసారి యంత్రాలనూ మార్చవలసిందే.

అద్దానికి ఆ బెడద లేదు. తనపై పడిన కాంతి ఎంత సమాచారాన్ని మోస్తున్నదో దానికి పట్టదు. ఒరిగిన దిక్కుకు పంపడమే దాని పని. సిలికాన్‌తో సూక్ష్మమైన యంత్రాంగాలు చేయవచ్చునని 1982లో కర్ట్ పీటర్సన్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో నిరూపించాడు. సిలికాన్ పలకపై పొరలు పరచి, అక్కరలేని పొరను రసాయనంతో కరిగించివేస్తే, సన్నని కమ్ముల మీద వ్రేలాడే అద్దం మిగులుతుంది. దాని క్రింది పలకకు విద్యుత్తునిస్తే ఆకర్షణకు లోనై అద్దం ఒరుగుతుంది. కొన్ని సహస్రాంశాల సెకనులలో ఈ పని ముగుస్తుంది.

1999లో లూసెంట్ సంస్థ 256 అద్దాలతో లాంబ్డా రౌటర్‌ను ప్రకటించింది. మరుసటి సంవత్సరం నార్టెల్ సంస్థ ఎక్స్‌రాస్ అనే చిన్న సంస్థను 325 కోట్ల డాలర్ల విలువ గల వాటాలిచ్చి కొన్నది. అంతలో పెట్టుబడుల పొంగు చల్లారింది. వేసిన తీగలే వాడకం లేక పడి ఉండగా కొత్త కూడళ్లు ఎవరికి కావాలి? వేలమంది ఉద్యోగాలు పోయాయి. 2009లో నార్టెల్ దివాలా తీసింది. అద్దం మాత్రం తన పరీక్షలో నెగ్గినదే. అంచనా తప్పినవారు వ్యాపారులు.

1948లో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్‌తో దూరవాణి పరిశ్రమకు నెలవైన బెంగళూరులో, సరిగ్గా ఆ 2000లోనే కాంతి తీగల పరికరాలు చేసే తేజస్ నెట్‌వర్క్స్ పుట్టింది. గడ్డుకాలంలో కళ్లు తెరిచిన ఆ సంస్థ నిలదొక్కుకున్నది; తరువాత టాటా వర్గంలో చేరింది. సూక్ష్మయంత్ర విద్యకు భారతీయ విజ్ఞాన సంస్థ ఆలవాలమైంది. అనంతసురేశ్, వినోయ్, గోపాలకృష్ణన్, భట్, ఆత్రే కలసి 2010లో ఈ విషయంపై పాఠ్యగ్రంథం వెలువరించారు. విదేశీ గ్రంథాలే గతి అనుకొన్న విద్యార్థులకు ఇది చిన్న మేలు కాదు.

మూలపడినవనుకొన్న అద్దాలు 2022లో మరల వార్తలకెక్కాయి. తన సమాచార కేంద్రాలలో 136 దారుల అద్దాల కూడళ్లను నెలకొల్పినట్లు గూగుల్ సంస్థ ఆ సంవత్సరం వెల్లడించింది. ఆ అద్దాలతో కూడిన కొత్త అమరిక వలన వలయంలో విద్యుత్తు వాడకం 41 శాతం తగ్గిందని ఆ సంస్థ లెక్క.