1895లో పుట్టిన ఇద్దరు ఆడోళ్లు



మా రాప్తాడులో కమ్యూనిస్టు అంటే పెద్దోళ్లు మొదట చెప్పే పేరు తరిమెల నాగిరెడ్డి. భూస్వామి ఇంట్లో పుట్టి ఎర్రజెండా పట్టుకున్నాడు. 1952లో జైల్లో ఉండే పోటీ చేసి నీలం సంజీవరెడ్డిని ఓడించాడు. గొప్ప విషయమే, కాదనను. కానీ ఆ జెండా మోసిన మాలపల్లె, మాదిగపల్లె వాళ్ల పేర్లేంటి అని అడిగితే చెప్పేవాళ్లు లేరు. అందుకే ఈసారి ఆస్తి వదులుకుని ఉద్యమంలోకి వచ్చినోళ్ల గురించి కాదు, వదులుకోవడానికి ఏమీ లేనోళ్ల గురించి రాస్తున్నా.

డొలోరెస్ ఇబారూరి 1895 డిసెంబర్ 9న స్పెయిన్ ఉత్తరాన గయార్త అనే గనుల ఊళ్లో పుట్టింది. తండ్రి గని కార్మికుడు. టీచర్ కావాలని ఆమె ఆశ. ఇంట్లో డబ్బు లేక కుట్టుపనికి, ఆ తర్వాత ఇళ్లలో పనికి పోయింది. పెళ్లాడింది గని కార్మికుణ్ణే. ఆరుగురు పిల్లల్ని కంటే నలుగురు ఆడపిల్లలు చిన్నతనంలోనే పోయారు. ఆకలి, రోగం, మందుకు డబ్బు లేకపోవడం అంటే ఏంటో ఆమె పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు.

1936 ఫిబ్రవరిలో ఆమె పార్లమెంటుకు గెలిచింది. జూలైలో ఫ్రాంకో, అతనితో ఉన్న జనరల్స్ ఎన్నికైన ప్రభుత్వం మీద తిరగబడ్డారు. జూలై 19న మాడ్రిడ్ రేడియోలో ఆమె గొంతు వినిపించింది: ఫాసిస్టుల్ని లోపలికి రానివ్వం అని. ఎందుకు తిరగబడ్డారో కూడా తెలుసుకోవాలి. ఆ మార్చిలోనే ఎస్ట్రెమదూర అనే ఎండు పీఠభూమిలో దాదాపు 60 వేల మంది భూమిలేని పేదలు మూడు వేల దాకా ఎస్టేట్లలోకి దిగి దున్నడం మొదలుపెట్టారు. మన అనంతపురం లాంటి నేలే అది: వాన తక్కువ, దొరల భూమి ఎక్కువ. చర్చి, సైన్యం, భూస్వామి ఒక్కటైన యుద్ధం వెనక ఆ నాగలి చాలు కూడా ఉంది.

ఇక మన ఐలమ్మ. 1895 సెప్టెంబర్ 26న ఓరుగల్లు దగ్గర కృష్ణాపురంలో పుట్టిందని చెప్తారు. ఇంటిపేరు చిట్యాల. లోకం మాత్రం చాకలి ఐలమ్మ అనే పిలిచింది. ఆమె దళితురాలు కాదు, కానీ ఆమె కులానికీ వెట్టి తప్పలేదు. దొర బట్టలు ఊరికే ఉతకాలి, దొర పొలంలో ఊరికే చెయ్యాలి. మాదిగోళ్లు చెప్పులు కుట్టివ్వాలి, అదీ ఊరికే. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి గుప్పిట్లో 40 వేల ఎకరాలు ఉండేవంటారు.

ఐలమ్మ పాలకుర్తిలో మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకు తీసుకుని వరి పెట్టింది. దేశ్‌ముఖ్‌కు అదే నచ్చలేదు. చాకలామె సొంతంగా సేద్యం చేస్తే రేపు బట్టలెవరు ఉతుకుతారు? ఆంధ్ర మహాసభ సంఘంలో చేరినందుకు కేసులు పెట్టించాడు. పంట కోసుకుపోమని మనుషుల్ని పంపాడు. సంఘపోళ్లు కర్రలు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. ధాన్యం ఐలమ్మ ఇంటికే చేరింది. ఆ తర్వాత ఇంటి మగోళ్లు జైలుకు పోయారు. ఆమె మాత్రం భూమి వదల్లేదు.

1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య బలయ్యాక పోరాటం ఆయుధం పట్టింది. 1951 అక్టోబర్ దాకా సాగింది. పార్టీ లెక్కల్లో మూడువేల ఊళ్లు, పది లక్షల ఎకరాల పంపకం, నాలుగు వేల మంది అమరులు.

ఆ తర్వాత ఈ ఇద్దరి దారులు ఎలా పోయాయో చూడండి. డొలోరెస్ 1939లో దేశం వదిలి సోవియట్‌కు పోయింది. కొడుకు రూబెన్‌ను స్తాలిన్‌గ్రాడ్ యుద్ధంలో పోగొట్టుకుంది. అయినా పార్టీ ప్రధాన కార్యదర్శి అయింది, తన జీవితం తనే రాసుకుంది. 1977లో తిరిగొచ్చి మళ్లీ పార్లమెంటుకు గెలిచింది. ఐలమ్మ పాలకుర్తిలోనే ఉండి 1985 సెప్టెంబర్ 10న పోయింది. స్త్రీశక్తి సంఘటన ఆడోళ్లు వెతుక్కుంటూ పోయి అడగబట్టి ఆమె మాటలు ‘మనకు తెలియని మన చరిత్ర’లో దక్కాయి. 2024లో హైదరాబాద్ మహిళా యూనివర్సిటీకి ఆమె పేరు పెట్టారు. సంతోషమే. కానీ నా ప్రశ్న వేరే. స్పెయిన్‌లో ఒక పనిమనిషి పార్టీని నడిపింది. మన దగ్గర ఒక చాకలామె పార్టీకి కథ అయింది, నాయకురాలు ఎందుకు కాలేదు? వర్గం ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. కులాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందే.

ఇది నాకు పాత కథ కాదు. మా అమ్మకు డీకేటీ పట్టా కింద రెండెకరాల రాళ్ల నేల వచ్చింది. కాగితం మీద పేరు మా అమ్మది, శెనక్కాయ వేసుకునింది ఇంకొకరు. అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం మా చేను గట్టు దాకా రాలేదు. అమ్మ ఆ చేన్లోనే కూలికి పోయి శెనక్కాయ పీకింది. ఐలమ్మ కథ మొదటిసారి చదివి వినిపించినప్పుడు అమ్మ ఒకే మాట అడిగింది: "ఆయమ్మకు తోడుగా కర్రలు పట్టుకోనొచ్చినోళ్లు ఎందరప్పా?"

నాకు ఆ ప్రశ్నే ముఖ్యం. ఐలమ్మ ధైర్యం ఒక్కటే ఆ వరిని కాపాడలేదు. పక్కన నిలబడ్డ సంఘం కాపాడింది. మా అమ్మకు ధైర్యం లేక కాదు, సంఘం లేక ఓడింది.

విద్యార్థులకు ఒక పని చెప్తా. సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ అవ్వ దగ్గర కూర్చోండి. ఏ చేను ఎవరిది, ఎవరు దున్నారు, ఎవరు గుంజుకున్నారు అని అడిగి రాసుకోండి. పట్టా కాగితం ఉంటే ఫోటో తీసుకోండి. ఆ తర్వాత పక్కింటోళ్లను కూడా అడగండి. సంఘం మొదలయ్యేది అక్కడే.

మళ్లీ వచ్చే వారం. జై భీమ్.